ఆగని చుక్క

జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి తడుతున్నాను. రొట్టె ఇంకా అరచేయంతే అయింది. నడింట్లో రేడియో బుర్రుమని ఒక్కసారి అరిచి ఊరుకుంది.

"అమ్మీ, మీ అమ్మ పలికింది," అన్నాడు నాయన అక్కడి నుంచే.

"చుక్క కదిలిందా నాయనా?"

"కదిలింది. నిన్నటి కన్నా బిరబిరా పోతాండాది."

చేతులకు పిండి ఉంది కాబట్టి నేను లేవలేదు. రొట్టెను పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి, తిప్పి వేశాను. ఆ లోపలే రేడియో మళ్ళీ అరిచింది. "ఇంకోటి," అన్నాడు నాయన. ఆ గొంతులో సంతోషం ఉంది, దాని కింద కొంచెం నిష్ఠూరమూ ఉంది.

మాది కోడుమూరు పక్కన పల్లె. ఉగాదికి ముందు మా వైపు ఊళ్ళ నుంచి, ఇంకా పైన కన్నడ దేశం నుంచి, జనం గుంపులు గుంపులుగా శ్రీశైలానికి నడిచి పోతారు. భ్రమరాంబ మా ఇంటి ఆడబిడ్డ అని మావాళ్ళ లెక్క. పండగకు పుట్టింటి చీర, రవికగుడ్డ, గాజులు ఆమెకు పోవాలి. వాటిని తెల్లగుడ్డలో మూటగట్టి ముడుపు అంటారు. ఇంట్లో ఎత్తుకున్న ముడుపును అమ్మవారి ముందే దించాలి. దారిలో నేలకు తగలకూడదు. కూర్చుంటే ఒళ్ళో పెట్టుకోవాలి, పడుకుంటే చెట్టుకొమ్మకు కట్టుకోవాలి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా గుంపు ముడుపు మా అమ్మ ఈరక్కే మోసేది. చేతులు లాగితే నాయనకు ఇచ్చేది. నాయనకు తప్ప ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

పోయిన ఏడు చెనక్కాయ పెరికేటప్పుడు నాయన చేనులోనే పడిపోయాడు. పక్షవాతం. మాట నిలిచింది గానీ ఎడమకాలు నిలవలేదు, ఎడమచెయ్యీ సరిగా లేవదు. కట్టె పట్టుకొని, ఆ కాలు ఈడ్చుకుంటూ, వీధి మలుపు దాకా పోయి వస్తాడు. మలుపు దాటి పోయింది లేదు. కర్నూలు ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి అమ్మ మొక్కుకుంది. ఈయన లేచి కూర్చుంటే ఈ ఏడు కూడా నడిచే వస్తానని.

నాయన లేచి కూర్చున్నాడు. అయితే అమ్మకు షుగరు. చలికాలంలో మడమ మీద లేచిన పుండు ఎండాకాలం వచ్చినా మానలేదు. బయలుదేరే ముందు ఇద్దరికీ పెద్ద గొడవ.

"ఆ కాలు పెట్టుకొని యాడికి పోతావు?" అన్నాడు నాయన.

"మొక్కిండా."

"ఎవర్ని అడిగి మొక్కినావు?"

"నీ కాలు నన్నడిగి పడిపోయిందా?"

"నాది పాయ. నీది కూడా పోతే ఈ ఇంట్లో నడిచేది గోడలా?"

"పాప ఉండాది గదా, అది నడుస్తాదిలే," అని అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు. అమ్మ ముడుపు ఎత్తుకొని గడప దాటేటప్పుడు ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ వాకిట్లో కాసేపు నిలబడి చూసింది. గుంపులోవాళ్ళు "హర హర మల్లయ్యా" అని కేక వేశాక కదిలింది.

ఆ ముడుపులో నా డబ్బా ఉంది.

నేను ఇంటర్ అయ్యాక కోడుమూరులో మోటార్లకు వైండింగ్ చుట్టే షాపులో పనికి చేరాను. షాపు ఓనరు రాఘవేంద్రప్రసాద్‌ను ప్రసాదన్న అని పిలుస్తాను. షావుకార్ల ఇంట పుట్టినా ఆయన ప్రాణమంతా హామ్ రేడియో మీదే. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో అది. దాంతో వ్యాపారం చేయకూడదు. "లాభం లేని పని చేసే షావుకారిని నిన్నే సూస్తాండా నాయనా," అని అమ్మ ఆయన్ని ఆటపట్టించేది. ఆయన నేర్పితేనే నేనూ పరీక్ష రాశాను. పాత కంప్యూటరు కూడా ఆయన ఇచ్చిందే. మా మిద్దె మీద పైపు కట్టి యాంటెనా నిలబెట్టాం.

ఈ ఏడు ప్రసాదన్నకు ఒక ఆలోచన వచ్చింది. నడిచే గుంపు ఎక్కడుందో తెలియక నీళ్ళ ట్యాంకరు ఒక చోట, జనం ఒక చోట అవుతున్నారు. అడవిలోకి పోతే ఫోన్లు పలకవు. అందుకని అన్నం డబ్బాల్లాంటి ప్లాస్టిక్ డబ్బాలు కొని, ఒక్కోదాంట్లో చిన్న రేడియో, బ్యాటరీలు, ఆకాశం నుంచి చోటు కనుక్కునే జీపీఎస్ ముక్క పెట్టి బిగించాం. నడుస్తున్న గుంపుల్లో కొన్నింటికి తలా ఒకటి ఇచ్చాం. డబ్బా తానున్న చోటు, బ్యాటరీలో ఉన్న ఓల్టులు, లోపలి వేడి, ఈ మూడూ కలిపి ఒక్క అరుపు అరుస్తుంది. నడుస్తుంటే వెంటవెంటనే అరుస్తుంది. ఆగితే బ్యాటరీ మిగలాలని ఎప్పుడో గాని అరవదు. ఆత్మకూరు అవతల గుట్ట మీద పెట్టిన రేడియో ఆ అరుపును అందుకొని తిరిగి అరుస్తుంది. దాన్ని కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీది రేడియో అందుకుంటుంది. అక్కడి నుంచి మా మిద్దెకు. మా కంప్యూటరులో మ్యాపు మీద చుక్క పడుతుంది. ఏ గుంపు ఆగినా, దారి తప్పినా ఆత్మకూరు శిబిరంలో ఉన్న ప్రసాదన్నకు చెప్పడం నా పని.

"నా యెనక పోలీసును పంపిస్తాండావా?" అని అమ్మ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నేలకు తగిలితే తప్పులేదా?"

"ముడుపులోనే పెడతా అమ్మా. నువ్వు దాన్ని దించవు గదా."

అట్లా డబ్బా చీరమడతల నడుమ చేరింది. యాంటెనా ఒక్కటే అగరుబత్తిలా మూటలోంచి బయటికి వచ్చింది.

నాయన మొదట్లో కంప్యూటరు వైపు చూడలేదు. మంచం మీదే కూర్చొని, "బొమ్మలాట," అన్నాడు. రేడియో అరిచినప్పుడల్లా మాత్రం తల తిప్పేవాడు. మరుసటి పూట మంచం దిగి స్టూలు మీదికి వచ్చాడు. ఆయనకు చదువు రాదు. అయినా అమ్మ గుంపు చుక్క ఏదో గుర్తుపట్టాడు. మా మ్యాపులో నల్లమల అంతా ఉత్త పచ్చరంగు. ఊరు లేదు, దారి లేదు, పేరు లేదు. చుక్క ఆ పచ్చదనంలోకి పోయినప్పటి నుంచి నాకు అర్థమయ్యేది ఏమీ లేదు. నాయనకు అంతా తెలుసు. "ఈడ యెదురుపొదలుంటాయి. ఈడ రాయి మీద కూచుని మీ అమ్మ మజ్జిగ తాగుతాది. ఆడ వాగు దాటాల, నీళ్ళుండవులే ఈ కాలంలో," అని తెర మీద వేలు పెట్టి చూపిస్తాడు.

"ఎండెంతుండాది ఆడ?" అని అడుగుతాడు.

"డబ్బాలో నలభై దాటింది నాయనా."

"ఫ్యాను ఆపు."

"మనింట్లో ఫ్యాను ఆపితే ఆడ చల్లబడతాదా?"

"ఆపమన్నా గదా."

ఆపేసి ఇద్దరం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం. డబ్బా చల్లబడింది అని చెప్పాకే మళ్ళీ వేయించాడు. గొడవ ఇంకా తీరలేదు, తీర్చుకోవడానికి మనిషి ఇంట్లో లేదు. ఆయనకున్న దారి అదొక్కటే అనిపించింది నాకు.

రొట్టె, చెనక్కాయ పచ్చడి పళ్ళెంలో పెట్టుకొని నడింట్లోకి వచ్చేసరికి నాయన కళ్ళు మూసుకొని ఉన్నాడు. నిద్ర కాదు. వింటున్నాడు. రేడియో అరిచింది. మళ్ళీ అరిచింది. చుక్క అడవి నడుమ పెచ్చెరువు అని నాయన చూపించిన చోటు దాటి ముందుకు పోతోంది.

"తిను నాయనా. అమ్మ బాగానే నడుస్తాండాది."

"అదే," అన్నాడు. "శానా బాగా నడుస్తాండాది."

"నువ్వు పక్కన లేకున్నా నడవగలనని పోటీ పడతాందేమో," అన్నాను.

నాయన ఒక ముక్క తుంచి పచ్చడిలో అద్ది, నోటి దాకా తెచ్చి పళ్ళెంలోనే పెట్టేశాడు.

"పొద్దున్నుంచి ఇది యాడన్నా నిల్చిందా?"

నేను తెర మీద పొద్దుటి నుంచి పడిన చుక్కల వరుస చూశాను. నిలవలేదు. నిన్న అడవి మొదట్లో, నాగలూటి గుడి అని నాయన చూపించిన చోట చాలాసేపు ఆగింది, ఆ తర్వాత రాత్రికి గుంపు దిగిన చోట ఆగింది. పొద్దున బయలుదేరినప్పటి నుంచి వెంటవెంటనే అరుపులే.

"లేదు నాయనా."

"మీ అమ్మ ఎక్కుడు దారిలో నాలుగు అడుగులేస్తే ఒకసారి నిలుస్తాది. నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆకాశం సూస్తాది. ఆయాసమని ఒప్పుకోదు, 'ఆ కొమ్మ సూడు, ఆ పిట్ట సూడు' అంటాది. ప్రతి ఏడూ అంతే. నేను ఎనక నిలబడి ఆ పిట్టను సూడాల. పిట్టా ఉండదు, ఏమీ ఉండదు." ఆయన తెర మీది చుక్కను చూశాడు. "ఇది మీ అమ్మ నడక కాదమ్మీ."

"ముడుపు అమ్మ దగ్గరే గదా ఉండేది. ఎవరికీ ఇయ్యదు గదా."

"నాకు ఇస్తాది," అన్నాడు. "నేను ఈడ ఉండా."

ఆ మాటతో నేను పళ్ళెం పక్కన పెట్టేశాను. ఓల్టులు చూశాను, వేడి చూశాను, చోటు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇన్ని అంకెల్లో అమ్మ లేదన్న సంగతి చెప్పే అంకె ఒక్కటీ లేదు.

ప్రసాదన్నకు ఫోను చేశాను.

"అన్నా, మా గుంపు ముడుపు ఎవరి చేతిలో ఉందో కనుక్కుంటావా?"

"మీ అమ్మ చేతిలోనే కదమ్మా. ఆత్మకూరులో నేనే బ్యాటరీలు మార్చినా. నన్ను పట్టుకొని శానాసేపు నవ్వించింది."

"ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చూడన్నా."

అడవి లోపలి శిబిరంలో జ్ఞానేశ్వర్ అని మా రేడియోవాళ్ళలో ఒకాయన ఉన్నాడు. కర్నూలు టౌనువాడు. మా గుంపు ఆ శిబిరానికి చేరేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు ప్రసాదన్న నాకు ఫోను చేసి, దాన్ని తన రేడియో పక్కన పెట్టాడు. నేను మా ఫోను స్పీకరు నొక్కి నాయన ముందు పెట్టాను.

రేడియోలో జ్ఞానేశ్వర్ గొంతు గరగరమంటూ వచ్చింది. "ముడుపు గంగక్క అనే ఆమె దగ్గర ఉంది."

గంగక్క మా వెనక వీధి. మూట నెత్తిన పెట్టుకుంటే బస్సుకన్నా ముందు ఊరు చేరుతుందని అందరూ అంటారు.

"ఏమప్పా, ఇయ్యి ఆ డబ్బా. నేనే సెప్తా," అని గంగక్క అనడం వెనక నుంచి వినిపించింది.

"వద్దమ్మా. లైసెన్సు లేనివాళ్ళు మైకులో మాట్లాడకూడదు. మీరు నాకు చెప్పండి, నేను చెబుతాను."

"మాట్లాడేదానికి లైసెన్సా! మా ఇంటాయనకు తెలిస్తే నన్నూ లైసెన్సు లేనిదే నోరు తెరవొద్దంటాడు. సరే సెప్పు. ఈరక్క నాగలూటి గుడి కాడ్నే కూలబడింది. కాలు మోకాలి దాకా వాచిండాది."

"ఈరక్కగారు నాగలూటి గుడి దగ్గర ఆగిపోయారు. కాలు కొంచెం వాచింది."

"కొంచెమని నేను యాడ అన్నా? ఉండేది ఉన్నట్టు సెప్పప్పా! చెప్పు దూరడంలేదు కాలికి. నేనుంటా నీ కాడ అంటే వద్దనింది. ముడుపు నా చేతిలో పెట్టింది. 'గంగక్కా, ఇందులో మా పాప పెట్టె ఉండాది. ఆడ మా ఇంటాయన దాన్నే సూస్తాంటాడు. ఇది నిలిస్తే ఆయనకు దిగులైతాది. నీ పుణ్యముంటాది, యాడా కూచోవద్దు, బిరబిరా నడువు' అనింది. నా మీద ఒట్టు పెట్టించుకుంది తల్లీ. పొద్దున్నుంచి మంచినీళ్ళకు కూడా నిల్చోలేదు నేను."

జ్ఞానేశ్వర్ ఈసారి ఆమె మాటల్ని తిరిగి చెప్పలేదు. ఆమె గొంతే మాకు వినపడాలని మైకు నొక్కి పట్టుకున్నాడని ఆ గరగరను బట్టి తెలుస్తోంది. "విన్నారు కదా," అని మాత్రం అన్నాడు.

నాయన ఫోను వైపు చూడలేదు. తెర మీద శిబిరం దగ్గర ఆగిన చుక్కనే చూస్తున్నాడు.

ప్రసాదన్న శిబిరం జీపులో డాక్టరును తీసుకొని నాగలూటికి పోయాడు. ఆయన ఫోను మళ్ళీ వచ్చేదాకా నేను మిగతా గుంపుల చుక్కలు చూస్తూ కూర్చున్నాను. ఒక గుంపు వాగు దగ్గర దారి తప్పి తూర్పుకు పోతుంటే ఆత్మకూరు శిబిరానికి ఫోనులో చెప్పాను. నాయన కట్టె కొనను నేల మీద గుండ్రంగా తిప్పుతూ ఉన్నాడు.

ఫోను మోగింది. నాయనకూ వినపడేలా స్పీకరు నొక్కాను. "శివజ్యోతీ, దొరికింది మీ అమ్మ. గుడి మండపంలో ఉండాది," అన్నాడు ప్రసాదన్న. ఆత్మకూరు దాకా వెనక్కి వచ్చి మాట్లాడుతున్నాడు. "తెలివిగానే ఉండాది. నన్ను చూసి 'షావుకారీ, నీ పోలీసును బాగానే మోసం చేసినా గదా' అని నవ్వింది. కానీ కాలు బాగలేదమ్మా. పుండు చీము పట్టింది. ఈ రాత్రి లోపల ఆస్పత్రిలో కడిగించి మందులు ఎక్కించాలంటాడు డాక్టరు. ఆలస్యమైతే పాదానికే మోసమంట."

"మరి జీపులో తీసుకురాలేదా అన్నా?"

"ఎక్కదు. ముడుపు అమ్మవారి ముందర దిగేదాకా ఎనక్కి తిరిగితే మొక్కు చెల్లదంట. మొక్కు చెల్లకుంటే మీ నాయన కాలు రాదంట. డాక్టరు చెప్పినాడు, నేను చెప్పినా, గుడి అయ్యవారు కూడా చెప్పినాడు. స్తంభాన్ని కరచుకొని కూర్చుండాది. ఎత్తుకొని పోదామంటే కేకలేస్తాది. నువ్వు వస్తావా అమ్మా? నీ మాట వింటుందేమో."

నేను ఆలోచించాను. అమ్మ నా మాట వినదు. నేను ఏడిస్తే తనే నన్ను ఓదార్చి, పంపించేసి, మళ్ళీ స్తంభం దగ్గర కూర్చుంటుంది. నా మాటే కాదు, ఎవరి మాటా వినదు. ఎవరి కాలు కోసమని కూర్చుందో ఆ మనిషి వచ్చి నిలబడితే తప్ప.

ఆ మాట పైకి అనడానికి నాకు నోరు రాలేదు. వీధి మలుపు దాటని మనిషిని కర్నూలు బస్సెక్కి, ఆత్మకూరు బస్సెక్కి, అడవిలోకి పొమ్మని ఎట్లా అనను?

"నేనే వస్తానన్నా," అని ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను.

నాయన స్టూలు మీద లేడు. దండెం దగ్గర నిలబడి కుడిచేత్తో తెల్లచొక్కా లాగుతున్నాడు. చొక్కా సగం ఎక్కింది. ఎడమచెయ్యి దూరక అక్కడే ఆగిపోయింది. నేను పోయి చెయ్యి దూర్చి గుండీలు పెట్టాను. ఆయన నా మొహం చూడకుండా తలుపు వైపు చూస్తున్నాడు.

"నేనూ వస్తా నాయనా. ఒక్కడివి ఎట్లా పోతావు?"

ఆయన కట్టె ఎత్తి కంప్యూటరును చూపించాడు. వాగు దగ్గర దారి తప్పిన గుంపు ఇంకా పూర్తిగా దారిలోకి రాలేదు. ఆ చుక్క తూర్పుకే ఉంది. అందులో ఎవరి అమ్మలున్నారో, ఎవరి నాయనలున్నారో. కట్టె దించి, నా నెత్తి మీద ఒకసారి చెయ్యి పెట్టాడు.

నేను ప్రసాదన్నకు మళ్ళీ ఫోను చేశాను. "నాయన వస్తాడు. ఆత్మకూరు బస్టాండులో నిలబడన్నా. బస్సు మెట్టు దిగేటప్పుడు ఎడమ పక్క పట్టుకో." "వచ్చేదాకా నేను కదలను," అన్నాడాయన.

నీళ్ళ సీసా, మందుల కవరు సంచిలో వేసి నాయన భుజానికి తగిలించాను. కోడుమూరు నుంచి కర్నూలు పోయే బస్సు మలుపు దగ్గర ఆగే వేళయింది. వాకిట్లో ఎండ తెల్లగా కాస్తోంది. నాయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కుడికాలు అవతల పెట్టాడు. తలుపుకు ఆనుకొని వంగి, ఎడమ మోకాలి కింద కుడిచెయ్యి వేసి, ఆ కాలును ఎత్తి అవతల పెట్టుకున్నాడు. నేను పట్టుకోబోయి ఊరుకున్నాను. లోపల రేడియో అరిచింది. ఆయన తల తిప్పలేదు. కట్టె ముందుకు వేసి, వాకిలి దాటి వెళ్ళిపోయాడు.